చిన్నమ్మ పూనకమూ, నా మనస్తత్వశాస్త్రమూ

ఈ సంగతి రాసిపెట్టాలని నేను కాగితాలు ముందేసుకుని కూర్చోవడానికి కారణం మా చెల్లె మనవరాలు. ఆ పిల్ల ఎల్బీనగర్‌లో పన్నెండో తరగతి చదువుతోంది, తీసుకున్న సబ్జెక్టుల్లో సైకాలజీ ఒకటి. పరీక్షలకు ముందు ఎవరైనా ఒక మనిషిని గురించి, ఆ మనిషిని అడిగి ఒప్పించుకుని, పేరు బయటపెట్టకుండా కొన్ని పేజీలు రాసివ్వాలట. దాన్ని కేస్ ప్రొఫైల్ అంటారని చెప్పింది. ఒక ఆదివారం పొద్దున మీర్‌పేట్‌లో మా ఇంటికి వచ్చి, కుర్చీలో కూర్చోకముందే మొదలుపెట్టింది.

"తాతా, అమ్మమ్మోళ్ళ అమ్మకు బోనాలప్పుడు పూనకం వచ్చేదట కదా? అసొంటి ఇంట్ల పెరిగిన మనిషి అని నేను అమ్మమ్మ మీదనే రాస్తున్న. ముందు నువ్వు నాకు పూనకం అంటే ఏందో ఎక్స్‌ప్లెయిన్ చెయ్యి. తాత ఎప్పుడో గా సదువే సదివిండు, ఆయనకు తెల్వంది లేదు అని అమ్మమ్మ పంపింది."

చాయ్ తాగమన్నాను, వచ్చేవారం మాట్లాడదామన్నాను. పూనకం గురించి నేను చెప్పగలిగిన మాటలన్నీ పదిహేడేళ్ళ వయసులో ఒక సాయంత్రం పూట చెప్పేశాను. వాటి బరువు ఆ పిల్ల అమ్మమ్మే, అంటే మా చెల్లే, మోసింది. అయినా తనే మనవరాలిని నా దగ్గరకు పంపించింది. ఆ పిల్ల రాసే పేజీల్లో నా వంతుకు చోటుండదు, ఉండమని నేను అడగలేను కూడా. కాబట్టి నా వంతు నేనే రాసుకోవాలి.

మాది నల్లగొండ దిక్కు పల్లె. నాయన బస్సు కండక్టరుగా కుదిరాక గడ్డిఅన్నారంలో ఒకే వాకిలి చుట్టూ కట్టిన గదుల్లో కిరాయికి దిగాం. వాకిలికి ఈ పక్క మేము, ఆ పక్క చిన్నమ్మ వాళ్ళు. చిన్నమ్మ మా అమ్మకు సొంత చెల్లెలు. చిన్నాయన తోపుడు బండి మీద పండ్లు అమ్మేవాడు. వాళ్ళకు ఒక్కతే కూతురు, నాకన్నా రెండు మూడేళ్ళు చిన్నది. నేను చెల్లె అంటున్నది ఆమెనే. నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పుడు దిల్‌సుఖ్‌నగర్ దాటితే అంగూర్ తోటలే, ఎటు చూసినా ద్రాక్ష పందిళ్ళే. ఎల్బీనగర్ చౌరస్తాలో విజయవాడ పోయే లారీలు ఆగి, క్లీనర్లు దిగి టైర్లు తట్టి చూసుకుని పోయేవారు. అక్కడ ఒక మనిషి కోసం ఎదురుచూస్తూ నిలబడితే, ఆ మనిషి అంత దూరాన వస్తుండగానే నడకను బట్టి గుర్తుపట్టేవాళ్ళం. ఇప్పుడు అదే చోట మెట్రో మెట్ల కింద నిలబడి, పక్కనే ఉన్న మనిషికి ఫోన్ చేసి ఎక్కడున్నావని అడుగుతున్నాం.

పదో తరగతిలో నాకొచ్చిన మార్కులకు సైన్సు గ్రూపు దొరకలేదు. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో గుమాస్తా నా దరఖాస్తు చూసి, చరిత్ర, పౌరశాస్త్రం, మనస్తత్వశాస్త్రం ఉన్న గ్రూపులో ఖాళీలున్నాయి, రాసుకోమంటావా అన్నాడు. మూడోది ఏమిటో తెలియకుండానే తలూపాను. ఇంటికొచ్చి చెబితే నాయన, గా సదువుకు ఏం నౌకరొస్తదని అడిగాడు. బస్తీలో మాత్రం నా పరపతి ఒక్కరోజులో పెరిగింది. మనసు శాస్త్రం చదువుతున్నానంటే ఎదుటివాళ్ళ మనసులో మాట చెప్పేస్తాననుకునేవారు. నల్లా దగ్గర నీళ్ళు పట్టే ఆడవాళ్ళు బిందె ఎత్తుకుంటూ, "ఏం పంతులూ, నా మనసుల ఏమున్నదో చెప్పరాదు" అని ఆటపట్టిస్తే, నేను నిజంగానే ముఖాలు పరీక్షగా చూసి ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. పొయ్యి మీద అన్నం మాడుతుందేమోనన్న భయం ఉందని చెబితే చాలావరకు తగిలేది.

కాలేజీలో ఆ సబ్జెక్టుకు లెక్చరర్ ఒక్కరే. ఆయన ఇంకో కాలేజీలో కూడా చెప్పాలి కనుక మాకు వారంలో ఏ రెండు రోజులో దొరికేవారు. మిగిలిన రోజులు నాకు గ్రంథాలయమే కాలేజీ. దిల్‌సుఖ్‌నగర్ లోపలి గల్లీలో ఒక పెంకుటింటి ముందు గదిలో ఉండేది ఆ శాఖా గ్రంథాలయం. మనసుకు సంబంధించి అక్కడ రెండే పుస్తకాలు. ఒకటి అట్టలూడిన తెలుగు పుస్తకం, రెండోది ఎవరో దానంగా ఇచ్చిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం. నిఘంటువు పక్కన పెట్టుకుని ఆ రెండోదాన్ని చదవడం మొదలుపెట్టాను. తొలి పేజీకి నాకొక సాయంత్రం పట్టింది. కానీ ఆ తరవాత నెలలు గడిచేకొద్దీ నిఘంటువు తెరవాల్సిన అవసరం తగ్గుతూ వచ్చినప్పటి సంతోషం ఉందే, అది ఇప్పటికీ నాది. లైబ్రేరియన్ గారు నా కోసం ఆ పుస్తకాన్ని బీరువాలో వేరుగా దాచేవారు. మనకు తెలియకుండా మన మనసులోనే ఇంకో అర ఉంటుందనీ, బయటకు చెప్పుకోలేని కోరికలు అందులో చేరి వేరే వేషంలో బయటకొస్తాయనీ చదివిన రోజున, సైకిల్ తొక్కుతూ ఇంటికి వస్తున్నంతసేపూ రోడ్డు మీద పోయేవాళ్ళందరినీ కొత్తగా చూశాను. బట్టతలాయన, కూరల సంచీ ఆమె, అందరిలోనూ తాళం వేసిన ఒక అర నాకు కనబడింది. తాళం చెవి నా ఒక్కడి దగ్గరే ఉందనుకున్నాను.

రెండో సంవత్సరంలో లెక్చరర్ గారు, ఇంట్లోవాళ్ళలో ఒకరి ప్రవర్తనను గమనించి రాసుకురమ్మన్నారు. తోటివాళ్ళు తమ్ముడి మొండితనం, తాతగారి మతిమరుపు రాశారు. నాకు చిన్నమ్మ పూనకం ఉంది.

చిన్నమ్మ మామూలు రోజుల్లో గొంతు లేని మనిషి. చిన్నాయన ముందు ఒక మాట మొదలుపెట్టి, ఆయన ముఖం చూసి, సగంలో ఆపేసి కొంగు సర్దుకునేది. ఆషాఢంలో బస్తీ పోచమ్మ బోనాల నాడు మాత్రం, డప్పుల దరువు మారగానే, తల మీద బోనంతో నడుస్తున్న మనిషి నిలువునా కదిలిపోయేది. పక్కవాళ్ళు బోనం అందుకునేవారు. జుట్టు ఊడిపోయి, కళ్ళు పెద్దవై, చేతిలో వేపమండలతో ఊగుతుంటే, బస్తీ అంతా చుట్టూ చేరి కాళ్ళ మీద పసుపునీళ్ళు పోసి, "ఏం గావాలె తల్లీ, ఏం తప్పైంది మాతోని" అని అడిగేది. ఆ అడిగేవాళ్ళలో అందరికన్నా ముందు చిన్నాయనే ఉండేవాడు, చేతులు జోడించి, తల వంచి. ఏడాదికి ఒక్కసారి ఆయన ఆమె ముందు అలా నిలబడేవాడు.

నేను చిన్నప్పటి నుంచీ చూసినవన్నీ గుర్తుచేసుకుని రాశాను. ఒక ఏడు అమ్మవారు, నా నెత్తి మీద వాన కురుస్తుందని కోపపడింది. ఆ వారమే చిన్నాయన గది మీద పగిలిన పెంకులు మార్పించాడు. ఇంకో ఏడు, నన్ను తోబుట్టువు ఇంటికి పోనిస్తలేరని ఏడ్చింది. దసరాకు చిన్నమ్మ తన పెద్దక్కను, అంటే మా పెద్దమ్మను, చూడడానికి ఊరికి పోయింది. అమ్మవారికి మా పెంకులతో ఏం పని? ఆమె అడిగినవన్నీ చిన్నమ్మకు కావలసినవే! ఈ సంగతి కనిపెట్టిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లావుపాటి పుస్తకంలో ఉన్నదంతా మా వాకిట్లోనే ఉంది.

లెక్చరర్ గారు నా వ్యాసాన్ని తరగతిలో చదివి వినిపించారు. బాగా రాశావన్నారు. గంట కొట్టాక నన్ను ఆపి, మీ చిన్నమ్మను అడిగే రాశావా అన్నారు. లేదండీ, అడిగితే ఆమె ప్రవర్తన మారిపోతుంది కదా అని పుస్తకంలో చదివిన జవాబే అప్పజెప్పాను. ఆయన ఇంకేదో అనబోయి, బస్సు టైమయిందని వెళ్ళిపోయారు.

ఆ సంవత్సరమే ఇంకో వ్యవహారం నడుస్తోంది. ఎల్బీనగర్ చౌరస్తాలో లారీలు ఆగేచోట చిన్నాయనకు రెండో బండి పెట్టుకునే వీలు దొరికింది. దాని మీద కూర్చోవడానికి నమ్మకమైన మనిషి కావాలి. తొమ్మిదో తరగతి చదువుతున్న చెల్లెను బడి మాన్పిస్తానన్నాడు. చెల్లె చదువులో నాకన్నా చురుకు. నా పాఠాలు విని, నేను మరిచిపోయిన మాటను తను అందించేది. చిన్నమ్మ ఒకటి రెండుసార్లు అడ్డం చెప్పబోయింది. "నువ్వు జర సప్పుడు జెయ్యకు" అన్నాడు చిన్నాయన. అంతటితో ఆమె మాట అయిపోయింది.

ఆ బోనాలకు అమ్మవారు ఎన్నడూ లేనంత ఉగ్రంగా వచ్చింది. "నా బిడ్డ చేతుల పుస్తకం గుంజుకుంటవారా? గుంజుకుంటే నీ బండి మీద పండు మిగలదు, చూస్కో!" అని వేపమండలతో చిన్నాయన భుజాల మీద కొట్టింది. ఆయన వణికిపోయాడు. "తప్పైంది తల్లీ, పిల్లను బడికే పంపుత" అని అందరి ముందూ మొక్కాడు. మర్నాడు చెల్లె సంచీ భుజానేసుకుని బడికి పోయింది, ఆ తరవాత కొన్ని వారాలు పోతూనే ఉంది.

ఇక ఆ సాయంత్రం. ఆరుబయట మంచం మీద నాయన, చిన్నాయన కూర్చుని ఉన్నారు. నేను గ్రంథాలయం నుంచి అప్పుడే వచ్చాను. చిన్నాయన నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఎప్పుడు చూడు గవే పుస్తకాలు. ఏమున్నది బిడ్డా అండ్ల? జర మాకు సుత చెప్పు."

పెద్దవాళ్ళెవరూ అంతకుముందు నన్ను అలా అడగలేదు. నాయన కూడా వింటున్నాడు, ఏం నౌకరొస్తదన్న నాయన. నేను లోపలి అర గురించి, చెప్పుకోలేని కోరికల గురించి చెప్పాను. వాళ్ళకు అర్థం కావాలని ఉదాహరణ ఇచ్చాను. పెంకులు ఇచ్చాను, అక్క ఊరు ఇచ్చాను, చివరికి బడి కూడా ఇచ్చాను. చిన్నాయన చుట్ట తీసి పక్కన పెట్టాడు.

"అంటే మాట్లాడింది అమ్మోరు కాదు. మీ చిన్నమ్మనే."

అలా కాదు, ఆమెకే తెలియకుండా జరుగుతుంది, ఆమె అబద్ధమాడటం లేదు అని నేను రెండో సగం చెప్పడం మొదలుపెట్టాను. ఆ రెండో సగం వినడానికి ఎవరూ ఆగలేదు. "ఓ, నన్ను కొట్టింది ఇదేనన్నట్టు!" అని చిన్నాయన గట్టిగా నవ్వాడు. నాయన కూడా నవ్వాడు. నవ్వు వాకిలంతా నిండాక చూశాను, చిన్నమ్మ మూడు గ్లాసుల చాయ్ పట్టుకుని గడపలో నిలబడి ఉంది. వచ్చి గ్లాసులు మంచం అంచున పెట్టి, కొంగు సర్దుకుని లోపలికి పోయింది. ఆమె వెనక తలుపు పక్కన చెల్లె, చేతిలో లెక్కల పుస్తకంతో.

సోమవారం చెల్లె బడికి పోలేదు. చౌరస్తాలో బండి పక్కన బోర్లించిన గంప మీద కూర్చుంది.

ఆ తరువాతి ఆషాఢం దగ్గరపడ్డాక, ఒకరోజు చిన్నమ్మ నేను చదువుకుంటున్న చోటికి వచ్చి, "బిడ్డా, ఈసారి నాకు ఒస్తదంటవా?" అని అడిగింది. ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది. నేను పుస్తకం మూసి, వైద్యుడు రోగికి చెప్పినట్టు, "రాదు చిన్నమ్మా. నీకు కారణం తెల్సింది గద, ఇంక రాదు" అని ధైర్యం చెప్పాను. అవును, ధైర్యమనే అనుకున్నాను. ఆ బోనాల నాడు డప్పుల దరువు మారింది, ఆడవాళ్ళు పసుపునీళ్ళ చెంబులతో ఎదురుచూశారు, చిన్నమ్మ నేల చూపులు చూస్తూ నడిచి, గుడి దగ్గర బోనం దించి, ఇంటికొచ్చి వంట చేసింది. ఈసారి తల్లి రాలేదేమని బస్తీ ఆడవాళ్ళు గుసగుసలాడుకున్నారు. నేను మాత్రం, శాస్త్రం పని చేసిందని లెక్చరర్ గారికి చెప్పడానికి వెతుక్కుంటూ వెళ్ళాను. ఆయనకు అప్పటికే బదిలీ అయిపోయింది. ఆయన ఏమనేవారో ఇన్నేళ్ళుగా ఊహించుకుంటూనే ఉన్నాను.

ఆ తరువాత నా చదువు కూడా ఇంటర్మీడియట్‌తోనే ఆగింది. ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, అక్కడే పదవీ విరమణ చేశాను. గ్రంథాలయం మాత్రం విడవలేదు. మనసు మీద దొరికిన ప్రతి పుస్తకమూ చదివాను. నేను చదివినంత మేరకు, చిన్నమ్మ గురించి ఆనాడు నేను అన్నది తప్పని ఎక్కడా కనబడలేదు. తప్పని ఒక్క పుస్తకంలో రాసి ఉన్నా నాకు కాస్త తేలికగా ఉండేది. పండ్ల మార్కెట్ గడ్డిఅన్నారం వచ్చినప్పుడు చిన్నాయన బాగా సంపాదించాడు. ఆయన పోయాడు, చిన్నమ్మ కూడా పోయి చాలా ఏళ్ళయింది. ఉన్నన్నాళ్ళూ, నేను ఎప్పుడు వాళ్ళ దగ్గరకు వెళ్ళినా చిన్నమ్మ బండి మీద నుంచి మంచి అంగూర్ గుత్తి ఏరి నా చేతిలో పెట్టేది. ఆ సాయంత్రం సంగతి ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తితే ఆమె ఏమంటుందోనన్న భయం నాది. ఆమె మౌనానికి కారణమేమిటో, మనసులు చదవడం నేర్చిన నాకు తెలియలేదు.

అనుకున్న వారానికి మనవరాలు మళ్ళీ వచ్చింది. చెల్లె ముందర మాట్లాడుకుందామని నేనే తీసుకుపోయాను. చెల్లె ఇప్పుడు ఎల్బీనగర్‌లో పండ్ల దుకాణం నడుపుతోంది, తను గంప మీద కూర్చున్న చౌరస్తాకు కూతవేటు దూరంలో. మార్కెట్ అబ్దుల్లాపూర్‌మెట్ అవతలికి పోయాక, తెల్లవారకముందే ఆటో ట్రాలీలో పోయి సరుకు తెచ్చుకుంటుంది. మేం పోయేసరికి ఎవరికో బత్తాయిలు తూస్తోంది. మనవరాలు పెన్ను తీసి, ఎంతో మర్యాదగా, ఇష్టం లేకపోతే చెప్పనక్కర్లేదని ముందే చెప్పి, అడిగింది.

"అమ్మమ్మా, మీ అమ్మకు వచ్చేది కదా. నీకెప్పుడన్న వచ్చిందా పూనకం?"

"నాకేడొచ్చె! ఒకపాలి రప్పించుకుందామని మస్తు చూసిన."

"ఎందుకు?"

"ఎందుకేంది, బడికి పంపుమని చెప్పేటందుకు. మా అమ్మకు రాకుండ పాయె గద, నాకన్న రావాలె గద. బోనాలల్ల అందరి నడుమ నిలబడ్డ, జుట్టు ఇడిసిన, కండ్లు మూస్కున్న, మంచిగ ఊగుతున్న. అప్పుడే అన్న చెప్పిన ముచ్చట యాదికొచ్చింది, లోపట ఇంకో అర్ర ఉంటదని. ఫక్కున నవ్వొచ్చింది. నవ్వేటోళ్ళకు అమ్మోరొస్తదా? మా నాయన చూసి నెత్తి మీద ఒక్కటిచ్చిండు."

చెప్తూ చెప్తూ తను ఇప్పుడూ నవ్వింది. కొనుక్కోవడానికి వచ్చినామె కూడా నవ్వింది. మనవరాలు నవ్వుతూనే రాసుకుని, నా వైపు తిరిగి, తాతా, దీన్ని ఏమంటారు అని అడిగింది. దీనికో పేరుంటుందని ఆ పిల్ల నమ్మకం. ఆ వయసులో నా నమ్మకమూ అదే. తెలియదమ్మా అన్నాను. చెల్లె తూకం మీద నుంచి తలెత్తి ఒకసారి నా ముఖంలోకి చూసి, సంచీలో ఇంకో బత్తాయి ఎక్కువ వేసి, కొనేవాళ్ళ చేతికిచ్చింది.

ఇప్పటి పిల్లలు అదే చదువును అడిగి చదువుతున్నారు. ఒక మనిషి గురించి రాసేముందు ఆ మనిషి ఒప్పుకోవాలని వాళ్ళకు మొదటి పాఠంలోనే చెబుతున్నారు. ఆడపిల్ల బడికి పోవడానికి అమ్మవారు దిగిరావలసిన అవసరం మా ఇంట్లో తీరిపోయింది. బోనాలకు డప్పులతో పాటు పెద్ద పెద్ద స్పీకర్లు వచ్చాయి. బస్తీ గుడి ముందు ఇప్పటికీ ఎవరో ఒకామె ఊగుతుంది, చుట్టూ చేరినవాళ్ళు ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తారు. నేను ఆ గుంపులో వెనకగా నిలబడి, ఆమె ఏం అడుగుతుందో వినడానికి ప్రయత్నిస్తాను. స్పీకర్ల మోతలో వినబడదు. చేతులు జోడించి ముందు నిలబడ్డ మనిషి ఎవరా అని వెతుక్కుంటాను.

ఈ కాస్త రాయడానికి తోడ్పడినవాళ్ళకు కృతజ్ఞత చెప్పుకోవాలి. పుస్తకాన్ని బీరువాలో దాచి ఇచ్చిన లైబ్రేరియన్ గారికి. నేను సరైన జవాబు చెప్పలేకపోయిన ఒక్క ప్రశ్న అడిగి బస్సెక్కిన లెక్చరర్ గారికి. అక్షరాలు దిద్ది, ఇందులో తన మాటలు రాసుకోవచ్చని ఒప్పుకున్న మనవరాలికి. చెల్లెను కూడా అడిగాను, నీ సంగతి రాసుకోనా అని. "రాస్కో అన్నా, గిప్పుడన్న అడిగినవ్" అంది. చిన్నమ్మను అడగడానికి మాత్రం వీలు లేకపోయింది. ఆమె గురించి ఇది నేను రాసిన రెండో వ్యాసం. ఇదీ ఆమెను అడగకుండా రాసిందే.